రెండు ఎర్రరాళ్లు

మీ బీరువాలో అమ్మమ్మల నాటి కెంపుల నగ ఏదైనా ఉందా? దుద్దులో, అడ్డిగో, ఒంటిరాయి ఉంగరమో... ఉంటే ఒక్కసారి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఈ నాలుగు మాటలూ చదవండి. లేకపోతే కాఫీ కలుపుకుని చదవండి. నేను చెప్పబోయేది రాళ్ల గురించి కొంతా, నా నోటిదురుసు గురించి కొంతా.

మా అమ్మకి రెండు ఉంగరాలు ఉండేవి. రెండూ ఒకే అచ్చు. బంగారు కట్టు, మధ్యన చిక్కుడు గింజంత ఎర్రరాయి. రాయి వేలికి తగిలేలా వెనక తెరిచి ఉంటుంది. "రెండూ రంగం కెంపులే, మా తాతయ్య ఓడెక్కి వెళ్లి తెచ్చినవి" అనేది అమ్మ. అమ్మ పుట్టిల్లు కాకినాడ పక్క పల్లె. ఆ రోజుల్లో అటువాళ్లు పని కోసం రంగూన్ వెళ్లేవాళ్లు. దాన్నే రంగం వెళ్లడం అనేవారు. 1942లో జపాను వాళ్లు బర్మా మీద పడేదాకా ఆ రాకపోకలు సాగాయి. మా ముత్తాత అక్కడ బియ్యం మిల్లులో చేసి, అంతకు ముందే తిరిగొచ్చేశాడట. బర్మాలో మొగోక్ అనే చోట దొరికే కెంపులకి లోకమంతా పేరు. అందుకని 'రంగం కెంపు' అంటే మా ఇంట్లో అదో గొప్ప. పెళ్లిళ్లకి అమ్మ ఆ రెండూ పెట్టుకుని, చెయ్యి కాస్త ముందుకు పెట్టి మాట్లాడేది!

2018 ఉగాది నాడు ఒక ఉంగరం నాకూ, ఒకటి మా వదినకీ తన చేత్తో తొడిగింది. 2020లో పోయింది. చివరి రెండేళ్లూ మంచంలోనే. చూసుకున్నది మా వదిన. మంచంలోనే స్నానం, మంచంలోనే అన్నం. ఈ సంగతి ఇక్కడే రాసేస్తున్నాను. తర్వాత నేనన్న మాట చదివేటప్పుడు మీకిది గుర్తుండాలి.

2023 శ్రావణంలో మా అమ్మాయికి సంబంధం కుదిరింది. అమ్మ ఉంగరంలోని రాయి తీయించి పిల్లకి లాకెట్‌లో పెట్టిద్దామని విజయవాడలో ఒక నగల షాపుకి తీసుకెళ్లాను. అక్కడతను కంటికి చిన్న భూతద్దం పెట్టుకుని చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది కెంపు కాదమ్మా. గార్నెట్."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. "మరి విలువ?" అన్నాను. "బంగారం బరువుకి కడతాం, రాయి తిరిగిచ్చేస్తాం" అన్నాడు. రాయి తిరిగిచ్చేస్తాం అనే ఆ మాట ఇంటికొచ్చేదాకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

ఆ నెలాఖరుకి రాజమండ్రి నుంచి అన్నయ్యా వదినా పట్టుచీరలు కొనడానికి వచ్చారు. బజారుకి వెళ్లినప్పుడు, నేనేం చెప్పకుండా అదే షాపులో వదిన ఉంగరం కూడా చూపించాను. అతను చూసి, ఏదో చిన్న పరికరం మీద పెట్టి, "ఇది కెంపే" అన్నాడు.

ఇంటికొచ్చాక ఉండబట్టలేకపోయాను. "రెండూ రంగం కెంపులేనని అమ్మ అనేది. 2018 దాకా రెండూ మీ లాకరులోనే ఉన్నాయి. మరి నాదొక్కటే ఎట్లా మారిపోయింది వదినా?" అనేశాను.

అన్నయ్య "ఏం మాట్లాడుతున్నావే!" అని లేచాడు. వదిన మాత్రం ఒక్క మాట అనలేదు. వేలికున్న ఉంగరం తీసి టీపాయి మీద పెట్టి, "తీసుకో అమ్మాయ్. రెండూ నువ్వే ఉంచుకో" అని లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంది. ఆ రాత్రే వెళ్లిపోయారు.

నేను ఏం చేశానో చెప్పనా? ఆ ఉంగరం తీసి నా డబ్బాలో పెట్టుకున్నాను.

నాలుగు నెలలు రెండు ఉంగరాలూ నా దగ్గరే ఉన్నాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేదాన్ని. మొదట నాకు తేడాయే కనపడలేదు. రోజూ చూడగా చూడగా కొన్ని తెలిశాయి. వదినది కాస్త గులాబీ కలిసిన ఎరుపు. కిటికీలోంచి ఎండ పడితే లోపల నిప్పుకణిక ఉన్నట్టు ఉంటుంది. నాది దానిమ్మగింజ ఎరుపు, కొంచెం ముదురు. వెలుతురు తగ్గితే నల్లబడిపోతుంది. ఇంకోటి, వదిన రాయి పలకల అంచులు బ్లేడులా పదునుగా ఉన్నాయి. నా రాయి అంచులు అరిగి, మొద్దుబారి ఉన్నాయి. రెండూ ఒకే వయసువైతే ఒకటే ఎందుకరిగినట్టు? నా అనుమానం ఇంకా గట్టిపడింది.

మా వీధి చివర కిరాణా కొట్టులో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంది. సామాన్లకి వెళ్లినప్పుడు రెండు ఉంగరాలూ దాని కింద పెట్టి చూశాను. వదినది భగ్గున ఎర్రగా వెలిగింది! నాది బొగ్గుముక్కలా అలాగే ఉండిపోయింది. కొట్టబ్బాయి కూడా "అది ఒరిజినల్ ఆంటీ" అన్నాడు. ఇంకేముంది, నా మనసులో కేసు ముగిసిపోయింది. పెళ్లికి వాళ్లని పిలవాలా వద్దా అనేదాకా వచ్చింది వ్యవహారం. మేనమామ లేకుండా పిల్లని పెళ్లిపీటల దగ్గరికి గంపలో తెచ్చేదెవరండీ? అన్నయ్య వస్తాడేమో, వదిన రాకపోతే నలుగురికీ ఏం చెప్పాలి?

మా వారు అప్పుడొక మాటన్నారు. "కిరాణా కొట్టులో తేల్చే విషయమా ఇది? హైదరాబాద్‌లో రాళ్లు పరీక్ష చేసే ల్యాబులున్నాయి. కార్డులు ఇవ్వడానికి ఎలాగూ వెళ్తున్నావు. చూపించుకో" అని. డిసెంబరులో వెళ్లాను.

అక్కడ ఒక అమ్మాయి ఉంది. మా అమ్మాయికన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. నేను కథంతా చెప్పేసరికి నవ్వి, "ఆంటీ, నేను చెప్తే మీకు నమ్మకం కుదరదు. మీరే చూడండి" అని పక్కన కుర్చీ వేసింది. ఆ గంటన్నర నాకు మా కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. నేను 1995లో ఇంటర్ బైపీసీ పాసయ్యాను, తెలుగు మీడియం. వక్రీభవన గుణకం అని బట్టీపట్టి రాసినదానికి, అది కళ్లతో చూడ్డం ఇదే మొదలు.

ముందు ఆ అమ్మాయి చెప్పిందేమిటంటే, రంగు చూసి రాయి పేరు చెప్పకూడదు. బ్రిటిష్ రాజకిరీటంలో ముందువైపు 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అని కోడిగుడ్డంత ఎర్రరాయి ఒకటుంది. వందల ఏళ్లు దాన్ని కెంపు అనే అనుకున్నారు. అది కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. రాజులకే తెలియనిది నాకేం తెలుస్తుంది!

కెంపు అసలు ఏమిటో విన్నారా? అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన గట్టి స్ఫటికం. దాన్ని కోరండం అంటారు. ఆ ఇంగ్లీషు మాట మన దేశం నుంచి వెళ్లిందే. సంస్కృతంలో కురువిందం, తమిళంలో కురుందం. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. అందులో క్రోమియం అనే లోహం చిటికెడు కలిస్తే ఎర్రబడి కెంపవుతుంది. అదే కోరండంలో ఇనుమూ టైటానియమూ చేరితే నీలం. అంటే కెంపూ నీలమూ ఒక తల్లి బిడ్డలే!

గార్నెట్ వేరే కుటుంబం. ఇసుకలో ఉండే సిలికా, దానితో అల్యూమినియం, ఇనుము. ఆ ఇనుము వల్లే ముదురెరుపు. దానిమ్మకి లాటిన్‌లో ఉన్న మాట నుంచే గార్నెట్ పేరు వచ్చిందట. దానిమ్మగింజ అని నాకు తోచింది ఊరికే కాదన్నమాట. ఇంకో సంగతి చెప్తే మీరు ఆశ్చర్యపోతారు. నవరత్నాల్లో రాహువుకి పెట్టుకునే గోమేధికం ఉంది చూడండి, అది కూడా గార్నెట్ జాతిదే. తేనెరంగు గార్నెట్. గార్నెట్ అనగానే చేత్తో తోసెయ్యాల్సిన రాయేం కాదు.

గట్టిదనం దగ్గరికొద్దాం. ఖనిజాల గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా ఒక కొలత ఉంది. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టాడు. పదో మెట్టు మీద వజ్రం, తొమ్మిదో మెట్టు మీద కెంపు. గార్నెట్ ఏడుకీ ఏడున్నరకీ మధ్య. మన వంటింటి చాకు అయిదున్నర దగ్గర. ఇందులో ఆడవాళ్లకి పనికొచ్చే సంగతొకటుంది. ఇంట్లో రోజూ తుడిచే దుమ్ములో సన్నని ఇసుకరేణువులు ఉంటాయి. వాటి గట్టిదనం ఏడు. అంటే గార్నెట్‌కి దాదాపు సమానం. దుమ్ముపట్టిన కొంగుతో ఉంగరాన్ని రుద్దితే ఇసుక కాగితంతో రుద్దినట్టే. ఏళ్ల తరబడి రుద్దితే అంచులు అరిగిపోతాయి. కెంపుని ఆ ఇసుక ఏమీ చెయ్యలేదు. మా రెండు ఉంగరాల్లో ఒకటే ఎందుకరిగిందో అప్పుడు తెలిసింది. అది కొత్తదో పాతదో అన్న లెక్కే కాదు. అయితే గీసి చూద్దామని మాత్రం మీరు మొదలుపెట్టకండి. ఒక గీత పడిందంటే రాయి పోయినట్టే.

బరువు చూసి చెప్పొచ్చా అని అడిగాను. కుదరదంది. కెంపు సాంద్రత నీళ్లకి నాలుగు రెట్లు. నా రాయి జాతి గార్నెట్ కూడా ఇంచుమించు అంతే, సుమారు నాలుగు. గాజుముక్కని పట్టుకోవడానికి బరువు పనికొస్తుంది గానీ, ఈ రెంటినీ విడదీయడానికి కాదు. మన పెద్దవాళ్లు నాలుక మీద పెట్టి చల్లదనం చూస్తారు, నోటి ఆవిరి ఊది ఎంతసేపట్లో పోతుందో చూస్తారు. అవి కూడా అంతే. రెండు రాళ్లూ చల్లగానే ఉంటాయి, రెంటి మీదా ఆవిరి గబుక్కున పోతుంది.

మరి తేడా ఎక్కడ? వెలుతురులో!

రిఫ్రాక్టోమీటరు అని ఒక చిన్న పెట్టె ఉంది. దాని గాజు మీద ఒక్క చుక్క ద్రవం వేసి, రాయి పై పలక ఆనేలా బోర్లా పెట్టింది. రాయిలోకి వెళ్లిన వెలుతురు ఎంత వంగుతుందో లోపల స్కేలు మీద నీడలా కనపడుతుంది. నీళ్లకి ఆ అంకె 1.33, మామూలు గాజుకి ఒకటిన్నర చుట్టుపక్కల. నా రాయికి 1.79 దగ్గర ఒకే ఒక గీత. ఎటు తిప్పినా అదే. వదిన రాయి పెట్టి తిప్పితే గీత రెండైంది! ఒకటి 1.762, ఒకటి 1.770. ఇంటర్‌లో కాల్సైట్ స్ఫటికం కింద ఒక గీత రెండు గీతలుగా కనపడుతుందని చదివాం కదా, ద్వివక్రీభవనం అని. అదే ఇది. కెంపులోకి వెళ్లిన వెలుతురు రెండుగా చీలి, రెండు వేగాలతో పోతుంది. గార్నెట్‌లో చీలదు. దాని లోపలి అమరిక ఘనాకారం, ఏ దిక్కున చూసినా ఒకటే. భూమిలోంచి తీసిన గార్నెట్ స్ఫటికం కూడా పన్నెండు ముఖాల పాచికలా ఉంటుంది. కెంపుది ఆరుపలకల స్ఫటికం, దానికి నిలువూ అడ్డం తేడా ఉంది.

తర్వాత రెండు నల్లటి పొరల మధ్య నా రాయి పెట్టి తిప్పింది. వెల్తురుని ఆపే కూలింగ్ గ్లాసుల లాంటి పొరలవి, ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఎంత తిప్పినా నా రాయి చీకటిగానే ఉంది. వదినది ఒక చుట్టు తిప్పేసరికి నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరింది. చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ తిప్పించాను. మన పాతనగల్లో వెనక రేకు వేసి మూసేసిన కెంపులకి ఈ పరీక్ష కుదరదట, వెలుతురు లోపలి నుంచి రావాలి కాబట్టి.

అన్నిటికన్నా నాకు నచ్చింది డైక్రోస్కోపు. వేలెడంత గొట్టం. అందులోంచి చూస్తే రాయి రంగు రెండు చిన్న కిటికీలుగా కనపడుతుంది. నా గార్నెట్ రెండు కిటికీల్లోనూ ఒకటే ఎరుపు. కెంపుకి ఒక కిటికీలో వంగపండు కలిసిన ఎరుపు, పక్క కిటికీలో నారింజ కలిసిన ఎరుపు. ఒక్క రాయిలో రెండు ఎరుపులు దాగున్నాయి! మన కంటికి అవి కలిసిపోయి కనపడతాయి.

గార్నెట్‌కి ఇంకో గుణం ఉంది. వాళ్ల దగ్గరున్న విడిరాయి ఒకటి చిన్న థర్మోకోల్ ముక్క మీద పెట్టి గిన్నెలో నీళ్ల మీద తేల్చింది. బాగా బలమైన అయస్కాంతం దగ్గర పెడితే ఆ ముక్క మెల్లిగా దానివైపు జరిగి వచ్చింది. ఇనుము ఉంది కదా మరి. కెంపు పెడితే కదల్లేదు.

నీలం లైటు సంగతి కూడా అడిగాను. కెంపులోని క్రోమియం ఆ కంటికి కనపడని కిరణాలు మింగి ఎర్రటి వెలుతురు బయటికి కక్కుతుందట. పగటి వెలుతురులో కూడా కొద్దిగా అలాగే చేస్తుంది. అందుకే ఆ నిప్పుకణిక. ఇనుము ఉంటే ఆ వెలుగుని ఆర్పేస్తుంది. గార్నెట్ నల్లగా ఉండిపోయింది అందుకే.

"అయితే నాది గార్నెట్, వదినది కెంపు. ఖాయమేనా?" అన్నాను, గొంతులో ఏదో అడ్డం పడుతుండగా.

"కెంపే. కానీ ఆంటీ, ఇంకా అయిపోలేదు" అని వదిన ఉంగరాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది.

లోపల సన్నని గీతలు. వంపు తిరిగినవి. గ్రామఫోన్ రికార్డు మీద గాడులుంటాయి చూడండి, అచ్చం అలా. పక్కన సబ్బునురగ బుడగల్లాంటి చుక్కలు రెండు మూడు.

"భూమిలో పెరిగిన కెంపులో గీతలు వంగవు ఆంటీ. తిన్నగా, మూలలు తిరిగి ఉంటాయి. పట్టుదారాల్లాంటి సూదులుంటాయి. గుండ్రటి గాలిబుడగలుండవు. ఇది ఫ్యాక్టరీలో పుట్టిన కెంపు."

నాకు నోట మాట రాలేదు. "మా ముత్తాత నాటిదమ్మా ఇది. అప్పుడు ఫ్యాక్టరీలెక్కడివి?" అన్నాను.

ఉన్నాయట! ఫ్రాన్సులో వెర్నొయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1902లోనే ఆ పద్ధతి లోకానికి చెప్పాడు. అల్యూమినియం ఆక్సైడు పొడిలో కాస్త క్రోమియం కలిపి, జల్లెడలోంచి రాలినట్టు కిందకి రాలుస్తారు. హైడ్రోజన్, ఆక్సిజన్ మంట, రెండువేల డిగ్రీల పైన. పొడి కరిగి, చుక్క మీద చుక్క పడి, కొన్ని గంటల్లోనే వేలెడంత కెంపు గడ్డ తయారు. చుక్కలు గుండ్రటి తల మీద పేరుకుంటాయి కాబట్టే గీతలు వంపుగా ఉంటాయి. కొన్నేళ్లకే అవి లక్షల క్యారట్ల లెక్కన బజారుకొచ్చేశాయి. మా ముత్తాత రంగంలో ఉన్ననాటికి ఆ సరుక్కి కొరతేం లేదు. గట్టిదనం తొమ్మిదే, గీతలు రెండే, రెండు ఎరుపులూ ఉంటాయి. గాజు కాదు, మోసపు రంగు కాదు, అన్ని గుణాల్లోనూ కెంపే. పుట్టుక ఒక్కటే తేడా. నీలం లైటు కింద ఇవి అసలు వాటికన్నా ఎక్కువ వెలుగుతాయట, ఇనుము ఏమాత్రం ఉండదు కాబట్టి. మా కొట్టబ్బాయి ఒరిజినల్ అన్నది ఆ వెలుగు చూసే! భూమిలో పుట్టిన మేలైన కెంపు క్యారెట్ లక్షల్లో పలికితే, ఇది వందల్లో.

నగల షాపతను అబద్ధం చెప్పలేదు. తేలికగా చూసి వదిలేశాడు, అంతే. తేలికగా చూసింది నేను కూడా కదా, అతన్నేమంటాను!

నాలుగు మైళ్లు చాలని లోపల లోపల కాలుతూ తిరిగొచ్చాను. కానీ ఇంకో ముడి మిగిలిపోయింది. నా గార్నెట్ ఎక్కడిది? దారిలో ఖమ్మంలో దిగి, కొత్తగూడెం బస్సెక్కాను. అక్కడ మా మామయ్య ఉన్నాడు, అమ్మకి అన్నగారు. సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. ఎనభై నాలుగేళ్లు, చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు. ఉంగరం చేతిలో పెట్టాను. బొటనవేలితో రాయి తడిమి, "ఇది నేనిచ్చిందేనమ్మా" అన్నాడు.

ముత్తాత తెచ్చింది ఒక్కటే రాయట. 1971లో అమ్మ పెళ్లికి రెండు చేతులకీ జోడు ఉంగరాలు పెడతామని అమ్మమ్మ మగపెళ్లివారితో అనేసింది. రెండో కెంపు కొనే స్తోమతు ఎక్కడిది? కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో ఎర్రరాళ్లు దొరుకుతాయి. మామయ్య ఒక రాయి కొని, హైదరాబాద్‌లో చెక్కించి, పాత ఉంగరం అచ్చులోనే పొదిగించాడు. "నా చెల్లెలికి కూడా చెప్పలేదు. తెలిస్తే అత్తారింట్లో నోరుజారుతుందేమోనని. తర్వాత చెప్దామంటే, అది ఆ చేతులు అలా చాపి మురిసిపోతుంటే నోరు రాలేదు" అన్నాడు.

ఆ గరీబ్‌పేట గార్నెట్లు అల్లాటప్పావి కావండోయ్. జర్మనీ పరిశోధకులు 2018లో ప్రచురించిన వ్యాసంలో, తొలి బైజాంటైన్ కాలం నాటి చెక్కుడు గార్నెట్ ఒకటి మన గరీబ్‌పేటదేనని లోపలి నలుసులు చూసి తేల్చారు. ఓడల మీద మన రాళ్లు అంత దూరం వెళ్లాయి. రంగం నుంచి ఓడ మీద వచ్చిన దాని కోసం మేం కొట్టుకున్నాం!

సంక్రాంతి వెళ్లిన వారం రాజమండ్రి వెళ్లాను. అన్నయ్య బయటికెళ్లాడు. వదిన వంటింట్లో గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. "రా అమ్మాయ్" అంది, తల ఎత్తకుండా. నేనూ పీట వాల్చుకుని కూర్చుని ఈనెలు తీయడం మొదలెట్టాను. చేతులు పనిలో ఉంటే నోరు కాస్త సులువుగా కదులుతుంది. ల్యాబు సంగతి, మామయ్య సంగతి, అన్నీ చెప్పాను. చివరికి, "నేనన్న మాట తప్పు వదినా. అమ్మకి మీరు చేసింది నేను చెయ్యలేదు. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో..." అని ఆగిపోయాను.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. చిక్కుళ్లు అయిపోయాయి. అప్పుడు, "నాలుగు నెలలు నాకు నిద్రలేదు. దొంగని అన్నావు కదా అని" అంది. మెత్తగానే అంది. నాకు అది తిట్టిన దానికన్నా ఎక్కువగా తగిలింది.

రెండు ఉంగరాలూ కొంగు ముడి విప్పి ఆవిడ ముందు పెట్టాను. "ఇది భూమిలోంచి వచ్చింది, ఇది ఫ్యాక్టరీలోది. మీకు ఏది కావాలంటే అది తీసుకోండి" అన్నాను.

రెండూ ఎత్తి కిటికీ వైపు పట్టి చూసింది. కొంచెం నవ్వింది కూడా. "పాపం, మీ ముత్తాతని రంగంలో ముంచేశారన్నమాట. ఎన్ని నెలల కూలి పోశాడో!" అంది. తర్వాత ఆ కెంపుటుంగరమే వేలికి తొడుక్కుంది. "అత్తయ్య నాకు పెట్టింది ఇదే. నాకు ఇదే ఇయ్యి."

2024 ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లయింది. అన్నయ్య గంప మోశాడు. వదిన పక్కన నడిచింది. ఆ నడుస్తున్నంతసేపూ నావైపు చూడలేదు. అప్పగింతలప్పుడు మాత్రం వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. పాత చనువు పూర్తిగా రాలేదు, ఆ మాట దాచను. ఫోను చేస్తే ఎత్తుతుంది. తనంతట తను చెయ్యడం మొన్న దసరా నుంచే.

మీ నగల సంగతికొద్దాం. ఈ రెండు రాళ్లనీ గోరువెచ్చని నీళ్లలో మెత్తటి సబ్బు వేసి, పాత బ్రష్షుతో కడుక్కోవచ్చు. గార్నెట్‌ని మరిగే నీళ్లలో వెయ్యకండి, వేడీ చలీ ఒక్కసారి మారితే పగుళ్లిస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం. ఈ ఇరవై ఏళ్లుగా బజారులో పగుళ్లున్న నాసిరకం కెంపుల్లోకి సీసం కలిసిన గాజు కరిగించి నింపి అమ్ముతున్నారు. వాటికి నిమ్మరసం తగిలినా ఆ గాజు తినేసి తెల్లమచ్చలు పడతాయి. పచ్చళ్లు కలిపేటప్పుడు, చింతపండు పిసికేటప్పుడు జాగ్రత్త. ఆచారిగారికి రిపేరుకిచ్చేటప్పుడు కూడా ముందే చెప్పండి, మంట తగిలితే రాయి పోతుంది. కొత్తగా కొనేటప్పుడు బిల్లు మీద 'కెంపు' అని రాస్తే చాలదు. భూమిలోదా, తయారుచేసిందా, ఏదైనా నింపారా అన్నది ల్యాబు కాగితంతో సహా అడగండి. అడిగితే చిన్నతనమేం లేదు.

పోయిన నెల వదిన మా ఇంట్లో నాలుగు రోజులుంది. అంట్లు తోముతానని సింకు దగ్గర నిలబడింది. పీచూ, ఇసుకలాంటి సబ్బుపొడీ, ఆ ఉంగరం వేలికే ఉంది. "తియ్యండి వదినా, అరుగుతుంది" అన్నాను అలవాటుగా.

"తొమ్మిదన్నావుగా నువ్వే" అంది, గిన్నె బోర్లిస్తూ. "అరిగేది నీది. తీసి ఆ కిటికీలో పెట్టుకో."

తీసి కిటికీలో పెట్టాను.